ముగ్గురు ఆడవాళ్ళ పాస్‌పోర్టులు

“పాస్‌పోర్టుల సంగతి నేను చూసుకుంటాను, నువ్వు పులిహోర సంగతి చూడు,” అన్నాడు కోటేశ్వరరావు, మ్యూనిక్ ప్రయాణానికి ముందురోజు.

పదిహేడేళ్ళ కాపురంలో ఇంటి పనుల పంపకం ఆయన ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేదు. అందుకని ఊర్మిళ తెల్లారకముందే లేచింది. అన్నం వండి పళ్ళెంలో ఆరబోసింది. చింతపండు పులుసు దగ్గరపడేదాకా కలియబెట్టి పోపు వేసింది. అత్తగారికి పులుపు పడదు కనక ఆవిడకి విడిగా పెరుగన్నం కలిపింది. పదిహేనేళ్ళ కూతురు సహస్రకి రెండూ నచ్చవు కనక శాండ్‌విచ్ చేసింది. ఉతికిన మాస్కులు ఇస్త్రీ చేసింది. అత్తగారి బీపీ మాత్రలు, స్వెట్టరు, శానిటైజరు, రైలు టికెట్లున్న తన ఫోను, ఆ ఫోనుకి చార్జరు, కాన్సులేట్‌లో ఇవ్వాల్సిన దరఖాస్తు, దాని మీద అంటించాల్సిన ఫోటోలు సర్దింది. ఫోటోలో వెనకంతా తెల్లగా ఉండాలన్నారని అత్తగారిని బాత్రూమ్ గోడ ముందు నిలబెట్టి ఫోటో తీసింది కూడా తనే. ఆ టెర్మిన్, అంటే కాన్సులేట్ అపాయింట్‌మెంటు, దొరకడం కోసం వారాల తరబడి వెబ్‌సైటు ముందు కాపలా కాసిందీ తనే. ఇవన్నీ పులిహోర సంగతి కిందికే వస్తాయి.

పాస్‌పోర్టుల సంగతి వేరు. కోటేశ్వరరావు స్నానం చేసి, గడ్డం నున్నగా గీసుకుని, పడగ్గది తలుపు దగ్గరగా వేసి, బీరువాలో ఉన్న చిన్న లాకరు తెరిచాడు. నంబరు నొక్కేటప్పుడు వీపు అడ్డం పెట్టాడు, గదిలో ఊర్మిళ తప్ప ఎవరూ లేకపోయినా. మూడు పాస్‌పోర్టులు, వాటి తాలూకు రెసిడెన్స్ కార్డులు తీసి, నడుముకి కట్టుకునే నల్ల సంచిలో పెట్టి, జిప్పు లాగి, చొక్కా కింద బిగించాడు. ఆ సంచి కట్టుకున్నాక ఆయన నడకే మారిపోతుంది. గుడి నగలు మోస్తున్న ధర్మకర్తలా అడుగు తీసి అడుగు వేస్తాడు.

బ్యోబ్లింగెన్‌లో వాళ్ళది మూడో అంతస్తులో ఫ్లాటు. కోటేశ్వరరావు కార్ల బ్రేకులకి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో మేనేజరు. తల్లి శారదాదేవి జనవరిలో మూణ్ణెల్లకని తెనాలి నించి వచ్చింది. మార్చిలో కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి, ఆవిడా ఆగిపోయింది. వీసా అయితే పొడిగించారు గానీ, ఇప్పుడు పాస్‌పోర్టు గడువు అయిపోవస్తోంది. కొత్తది చేయించడానికే ఈ ఆగస్టు ఎండలో మ్యూనిక్ ప్రయాణం. అత్తయ్యగారిది ఒక్కటి చాలు కదండీ, మా ఇద్దరివీ ఎందుకు అంటే, “ఆఫీసంటే ఆఫీసే. ఏది అడుగుతారో ఎవరికి తెలుసు?” అన్నాడు. మరి మీది అంటే, “నన్నెవరడుగుతారు?” అన్నాడు.

ఊర్మిళ పాస్‌పోర్టు ఆమె చేతిలోంచి జారిపోయింది ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో. పన్నెండేళ్ళ కిందట మూడేళ్ళ సహస్రని చంకనేసుకుని దిగింది. బయటికి రాగానే ఆయన ఎదురొచ్చి చేతులు చాపాడు. పిల్లని ఎత్తుకోవడానికనుకుంది. కాదు, పాస్‌పోర్టులకి. “ఇటివ్వు, పడేస్తావ్,” అన్నాడు. ఎంత ఆపేక్షగా అన్నాడంటే ఆమె నవ్వుకుంటూ ఇచ్చేసింది, విమానంలో ఇచ్చిన చాక్లెట్ ముక్కతో సహా. అప్పటికామె మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి, గుంటూరు కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. ల్యాబులో ఒక్క గాజు పలక కూడా ఏనాడూ పడెయ్యలేదు. అయినా ‘పడేస్తావ్’ అన్నది ఆరోజు నించీ ఆమెకి ఇంటిపేరులా అతుక్కుపోయింది. ఈ పన్నెండేళ్ళలో కోటేశ్వరరావు బోలెడు గొడుగులు, ఆఫీసు లాప్‌టాపు, ఒకసారి ఫర్నిచర్ దుకాణంలో ఏకంగా సహస్రనే పోగొట్టుకున్నాడు. అన్నిటినీ వెతికి తెచ్చింది ఊర్మిళే. ఆయన్ని మాత్రం ఎవరూ పడేస్తావనలేదు. మగవాడు పారేసుకుంటే అది పని ఒత్తిడి.

ఇప్పుడు ఆ పాస్‌పోర్టుతో ఊర్మిళకి పనిపడింది. పక్క ఊళ్ళో కరోనా పరీక్షలు చేసే ల్యాబులో మనుషులు కావాలంటే, ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టింది. వీడియోలో మాట్లాడి సరేనన్నారు. సోమవారం పొద్దున పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు అసలువి పట్టుకుని వచ్చి సంతకం పెట్టమన్నారు, రాకపోతే ఇంకొకరిని తీసుకుంటామని మర్యాదగానే చెప్పారు. ఇవాళ గురువారం. ఆమె అడగడం మొదలుపెట్టి రెండు వారాలైంది. కోటేశ్వరరావు వద్దనలేదు. ఆయన ఏదీ వద్దనడు, అదే ఆయన గొప్పతనం. “చూద్దాం,” అన్నాడు. “లాకరు తియ్యాలిగా, తీస్తాలే,” అన్నాడు. “ఊరంతా వైరస్‌కి దూరంగా పారిపోతుంటే నువ్వు దాని ఇంటికే వెళ్తానంటావేంటి?” అని నవ్వాడు. చివరికి, “అమ్మ ఉంది కదా, వంటెవరు చేస్తారు, అమ్మ చేత చేయిస్తావా?” అన్నాడు. శారదాదేవి టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, “ఎదిగిన పిల్లున్న ఇంట్లో తల్లి ఉండాలి,” అని తీర్పు చెప్పింది. తల్లీ కొడుకులు ఒకటైపోయాక ఊర్మిళ చేసేదేముంది, వంటింట్లోకి వెళ్ళి పప్పు కడిగింది.

ఆ జూలై అంతా జర్మనీలో ఒకటే చర్చ. పోలీసులు మొహం రంగు చూసి మనుషుల్ని ఆపుతున్నారా, లేదా? దీని మీద అధ్యయనం చేయించాలని కొందరు, అక్కర్లేదని మంత్రిత్వశాఖ. ఎందుకక్కర్లేదంటే, అలా ఆపకూడదని చట్టంలోనే ఉంది కనక అలా జరగదట. ఈ వాదన రేడియోలో విన్నప్పుడు బంగాళాదుంపలు చెక్కు తీస్తున్న ఊర్మిళకి ఎక్కడో విన్నట్టే అనిపించింది. పెళ్ళిచూపుల్లో మావగారు వెంకటరామారావు గారు చెప్పిందీ అదే. “మా ఇంట్లో ఆడవాళ్ళకి పూర్తి స్వేచ్ఛ, అది మా వంశాచారం,” అన్నారు. ఆచారంలో ఉంది కనక ఇక ఉందో లేదో ఎవరూ చూడక్కర్లేదు.

తెలుగు సంఘం వాళ్ళు కూడా ఆదివారం జూమ్‌లో ఆ చర్చ పెట్టారు. ముఖ్య వక్త కోటేశ్వరరావు. కుక్కరు విజిల్ జూమ్‌లో వినపడుతుందని ఆ రెండు గంటలూ ఇంట్లో కుక్కరు పెట్టలేదు. ఆయన నీలం చొక్కా వేసుకుని, నడుం కింద లుంగీతో, ఆఫీసు బ్యాడ్జి మెళ్ళో వేసుకుని మాట్లాడాడు. “మనల్ని ఎవరూ ఆపరండీ. ఆపాల్సినవాళ్ళనే ఆపుతారు. మనిషి నీటుగా ఉండాలి, మెళ్ళో కంపెనీ బ్యాడ్జి ఉండాలి, మాటలో కాన్ఫిడెన్స్ ఉండాలి,” అన్నాడు. ఇల్మెనౌలో ఎమ్మెస్ చదువుతున్న ఇస్సాకు అనే కుర్రాడు మైకు ఆన్ చేసి, “అంకుల్, నన్ను స్టేషన్లో దిగినప్పుడల్లా ఆపుతున్నరు. నా పక్కన మా క్లాస్‌మేట్ జర్మన్ పోరడుంటే వాణ్ణి ఒక్కసారి గూడ అడగలే,” అన్నాడు. కోటేశ్వరరావు ఒక్క క్షణం స్క్రీను వైపు పరీక్షగా చూసి, “ముందా గడ్డం తీసెయ్ బాబూ,” అన్నాడు. ఎవరో చప్పట్ల బొమ్మ పెట్టారు. ఊర్మిళ తలుపు వెనక నిలబడి వింది. ఆ కుర్రాడి మొహం చిన్నబోవడం స్క్రీను మీద స్పష్టంగా కనబడింది. ఆమెకి కష్టమనిపించింది గానీ, మాట్లాడడానికి ఆ జూమ్ తెర మీద ఆమెకంటూ ఒక గడి లేదు.

ఇక రైలు సంగతి. స్టుట్‌గార్ట్‌లో ఎక్కి, మధ్యలో బల్ల ఉన్న నాలుగు సీట్లలో కూర్చున్నారు. పెట్టె సగం నిండింది. ముందు వరసలో మాస్కు గడ్డానికి తగిలించుకుని బీరు తాగుతున్న పెద్దాయన. పక్కన కుక్కతో ఒకావిడ. వెనక, ఎదురు సీటు మీద బూట్లతో కాళ్ళు చాపి నిద్రపోతున్న కుర్రాడు. ఉల్మ్ దాటాక శారదాదేవికి ఆకలేసింది. ఊర్మిళ డబ్బాలు తెరిచింది. ఇంగువ వాసనకి కుక్క లేచి కూర్చుంది. అదే సమయానికి ఇద్దరు పోలీసులు పెట్టెలోకి వచ్చారు, మాస్కు పక్కల్నించి నెరిసిన మీసాలు కనబడుతున్న పెద్దాయన ఒకడూ, పాతికేళ్ళ అమ్మాయి ఒకర్తీ. బీరు పెద్దాయన్ని దాటారు, కుక్కావిడకి నమస్కారం చెప్పారు, బూట్ల కుర్రాణ్ణి నిద్ర లేపలేదు. తిన్నగా పులిహోర దగ్గరికి వచ్చి ఆగారు.

“గుర్తింపు పత్రాలు చూపిస్తారా?” అన్నాడు మీసాల పెద్దాయన జర్మన్‌లో.

కోటేశ్వరరావు కంగారు పడలేదు. మెళ్ళో బ్యాడ్జి కొంచెం ముందుకి లాగి, “గుడ్ మార్నింగ్ ఆఫీసర్,” అన్నాడు కాన్ఫిడెన్స్‌తో. ఆయనకి పద్నాలుగేళ్ళుగా జర్మనీలో ఇంగ్లిష్‌తోనే గడిచిపోయింది. జర్మన్ కావాల్సిన చోట్లకి, అంటే చిన్నపిల్లల బడి కిటాకి, డాక్టరు దగ్గరికి, ఇంటి ఓనరు దగ్గరికి, ఊర్మిళని పంపుతూ వచ్చాడు. చొక్కా ఎత్తి, సంచి జిప్పు లాగి, పేకముక్కలు పరిచినట్టు మూడు పాస్‌పోర్టులూ బల్ల మీద పరిచాడు. పెద్దాయన ఒక్కొక్కటే తెరిచాడు. శారదాదేవి. ఊర్మిళ. సహస్ర.

“మీది?”

కోటేశ్వరరావు జేబులు తడుముకున్నాడు. పర్సు మార్చి నించీ ఇంట్లో బల్ల మీదే ఉంది, ఎప్పుడైనా బయటికెళ్ళినా ఫోనుతోనే డబ్బు కట్టేస్తున్నాడు. కార్డు ఆ పర్సులో ఉంది. పాస్‌పోర్టు లాకర్లో ఉంది. ఆయన బ్యాడ్జి తీసి చూపించాడు. పెద్దాయన దాన్ని తిప్పి చూసి, “ఇది క్యాంటీన్‌లోకి వెళ్ళడానికి బాగుంటుంది,” అన్నాడు.

ఇప్పుడు ఆ పోలీసులకి కనబడ్డ బొమ్మ ఇది. ఒక మగమనిషి. తనెవరో చూపించే కాగితం ఒక్కటీ లేదు. చొక్కా కింద దాచిన సంచి. సంచిలో మూడు పాస్‌పోర్టులు, మూడూ ఆడవాళ్ళవే. ఒక ముసలావిడ, ఒక నడివయసావిడ, ఒక ఆడపిల్ల. వాళ్ళ చేతుల్లో ఏ కాగితమూ లేదు, భోజనం డబ్బాలు తప్ప. మనుషుల్ని అమ్మేవాళ్ళని పట్టుకోవడం ఎలా అని పోలీసుల చదువులో ఒక పాఠం ఉండే ఉంటుంది. ఆ ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్న తీరు చూస్తే ఆ పాఠం నిన్ననే చదివినట్టుంది.

“వారుమ్ నూర్ వియర్?” అంది సహస్ర, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి. మేమే ఎందుకు, అని. “ఈ పెట్టెలో ఇంకెవర్నీ అడగలేదే?”

“నోర్ముయ్యి, వాళ్ళ డ్యూటీ వాళ్ళు చేస్తున్నారు,” అన్నాడు కోటేశ్వరరావు తెలుగులో. ఆ డ్యూటీలో భాగంగానే పెద్దాయన ఆయన్ని లేవమని, తలుపుల దగ్గరికి తీసుకెళ్ళాడు. అమ్మాయి ఊర్మిళని కరోనా వల్ల మూసేసిన భోజనాల పెట్టెలోకి రమ్మంది. శారదాదేవి పెరుగన్నం చెంచా అలాగే పట్టుకుని గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయింది.

ఖాళీ బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చున్నాక, పోలీసమ్మాయి గొంతు బాగా తగ్గించింది. “భయపడకండి. ఆయనకి వినపడదు. ఆయన మీకేమవుతారు?”

“భర్త,” అంది ఊర్మిళ.

“మీ పాస్‌పోర్టు ఆయన దగ్గరెందుకుంది?”

జాగ్రత్త కోసం, అనబోయింది ఊర్మిళ. ఎవరి నించి జాగ్రత్త అని ఈ అమ్మాయి అడుగుతుంది, తప్పకుండా అడుగుతుంది. అందుకని, “నేను పడేస్తానని,” అంది. జర్మన్‌లో అనేసరికి ఆ మాటలో ఆపేక్ష ఎటుపోయిందో, వట్టి ఎముక మిగిలింది.

“మీకు కావాలంటే మీరే తీసుకోగలరా?” లేదు, లాకరు. “దాని నంబరు మీకు తెలుసా?” తెలీదు. “మీ పేరున బ్యాంకు ఖాతా ఉందా?” ఇద్దరి పేర్నా ఉంది, కార్డు ఉంది, నేనేం కొన్నా ఆయన ఫోనుకి కబురు వెళ్తుంది. “పని చేస్తారా?” చేస్తాను. “ఎక్కడ?” ఇంట్లో. “ఎన్నింటి నించి ఎన్నింటిదాకా?” తెరిచి ఉండే దుకాణానికైతే వేళలుంటాయి గానీ ఆమెకెక్కడివి. “సెలవు?” “జీతం?” ఇక్కడ ఆమెకి నవ్వొచ్చేసింది. మాస్కు లోపల నవ్వితే కళ్ళ నీళ్ళొచ్చాయి. పోలీసమ్మాయి నవ్వలేదు. ఆ నీళ్ళు చూసి నీళ్ళ సీసా ముందుకి జరిపింది.

“ఇంట్లోంచి మీకు ఇష్టమైనప్పుడు బయటికి వెళ్ళనిస్తారా?”

వెళ్ళనివ్వకేం. లాక్‌డౌన్‌లో ఇంటికి కావాల్సినవన్నీ మోసుకొచ్చింది తనే కదా. కోటేశ్వరరావుకి షుగరుందని ఆయన గడప దాటలేదు. మార్చిలో పక్క రాష్ట్రం బవేరియాలో సరైన కారణం లేనిదే ఎవరూ ఇల్లు కదలకూడదని చట్టం పెట్టారు. రేడియోలో జర్మన్లు గోలగోల చేశారు, స్వేచ్ఛ పోయిందని. ఊర్మిళకి ఆ గోల అర్థం కాలేదు. కారణం చెప్పకుండా బయటికి వెళ్ళడమనేది ఒకటుంటుందని ఆమె అప్పటికే మర్చిపోయింది. ఎక్కడికి, ఎందుకు, ఎంతసేపు, అక్కడ ఎవరుంటారు, వచ్చేటప్పుడు పెరుగు తెస్తావా. ఈ ప్రశ్నలు వేసినవాళ్ళెవరికీ యూనిఫారం లేదు. అందుకే ఇన్నాళ్ళూ దాన్ని తనిఖీ అనుకోలేదు. ప్రేమ అంది అమ్మ, శ్రద్ధ అన్నారు మావగారు, సంసారం అంటే అంతే అంది అత్తగారు. ముక్కూమొహం తెలీని పిల్ల, మొహం రంగు చూసి ఆపిన పిల్ల, ఇవాళ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి అడుగుతోంది, నువ్వు బాగానే ఉన్నావా అని. ఊర్మిళకి ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. ఎవరి మీదో తేలలేదు. మొగుడి మీదా, ఈ పిల్ల మీదా, ఇద్దరి మీదా అని ఒక్క నిమిషంలోనే తేలింది.

“మీరడిగినవన్నిటికీ నిజమే చెప్పాను,” అంది. “మమ్మల్ని ఎవరూ ఎత్తుకు రాలేదు, అమ్మలేదు. ఆయన దొంగ కాదు, వట్టి మొగుడు. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. ఆ పెట్టెలో అంతమంది ఉంటే మా దగ్గరే ఎందుకాగారు?”

పోలీసమ్మాయి మాస్కు పైనున్న చెంపలు ఎర్రబడ్డాయి. “ఊరికే, ఎవరో ఒకర్ని చూస్తాం. ఒక మచ్చుకి.”

“మచ్చు ఎలా తియ్యాలో నేను చదువుకున్నాను. అలా తియ్యరు. మా రంగు చూసి ఆగారు. మీ ప్రశ్నలకి మాత్రం రంగు లేదు, మంచి ప్రశ్నలు. ఆ కుక్కావిడని కూడా అడిగి చూడండి, ఇంట్లో ఎన్ని గంటలు పనిచేస్తావు, జీతమెంత అని. మా దేశంలోనే ఇలా ఉంటుందని రాసుకోకండి.”

ఆ అమ్మాయి రాసుకుంటున్నది ఆపింది. “నాకు పై నించి చెప్పినట్టు...” అని మొదలుపెట్టి, పూర్తి చెయ్యకుండా, “మీ అత్తగారిని కూడా ఒకసారి అడగాలి. మీరు అనువదిస్తారా?” అంది.

శారదాదేవి వచ్చి కూర్చుంది. మొహాన ఇంత గాభరా. “ఏమిటమ్మాయీ, కోటిని జైల్లో పెడతారా?”

“పెట్టరు అత్తయ్యా. మీ పాస్‌పోర్టు ఆయన దగ్గర ఎందుకుందో అడుగుతోంది.”

“వాడు నా కొడుకు. కొడుకు దగ్గర కాక రైలు డ్రైవరు దగ్గరుంటుందా? చెప్పు ఆ పిల్లకి.”

ఊర్మిళ రైలు డ్రైవరుతో సహా చెప్పింది. పోలీసమ్మాయి తలూపి, అంతకుముందు మీ దగ్గరుండేదా, అని అడిగింది.

“నా దగ్గరెప్పుడుంది గనక?” అంది శారదాదేవి ఠపీమని. అని, ఆ మాట తనే విన్నట్టుగా ఆగింది. “నా టెన్త్ సర్టిఫికెట్టు మా నాన్న దాచాడు. పెళ్ళయ్యాక మీ మావయ్య దాచారు. ఆయన పోయాక పింఛను పుస్తకం, బ్యాంకు పుస్తకం, ఇదీ వీడు దాచాడు. అందరూ దాచేవాళ్ళే. నేను పడేసిందేమీ లేదు, అసలు చేతికిస్తేగా.” కొంగుతో ముక్కు తుడుచుకుని, “ఇదంతా చెప్పకు. పాపం చిన్నపిల్ల, భయపడుతుంది,” అంది.

ఊర్మిళ చెప్పింది. అన్నీ చెప్పింది. అత్తగారి మాటని ఇంత శ్రద్ధగా ఇంకో మనిషికి చేరవెయ్యడం ఆమెకి ఇదే మొదటిసారి.

ఈలోగా తలుపుల దగ్గర కోటేశ్వరరావు పరిస్థితి చెడింది. మీరు తిరిగే కార్ల బ్రేకుల్లో నా కోడ్ ఉంది అని ఆయన మీసాల పెద్దాయనకి ఇంగ్లిష్‌లో నచ్చజెప్పబోయాడు. ఆ పెద్దాయనకి ‘కారు’, ‘బ్రేకు’ మాత్రం అర్థమై, కారు కూడా ఎక్కడో ఉందా అని అనుమానం పెంచుకున్నాడు. ఆగ్స్‌బర్గ్‌లో దింపి స్టేషనుకి తీసుకెళ్ళాలన్నాడు. దిగితే కాన్సులేట్ టెర్మిన్ పోతుంది. ఊర్మిళ వెళ్ళేసరికి ఆయన అరచేత్తో నున్నటి చెంప రుద్దుకుంటున్నాడు. “పొద్దున్నే గీసుకున్నానే,” అన్నాడు ఎవరితోనో. బ్యాడ్జి చొక్కా మీద తిరగబడి వేలాడుతోంది. ఆ మొహం చూసి ఊర్మిళకి నిజంగా జాలేసింది. తలుపు వెనకనించి చూసిన ఇస్సాకు మొహానికీ దీనికీ తేడా లేదు. గడ్డం ఒక్కటే తేడా.

ఆమె తన ఫోను తీసింది. ఆయన పాస్‌పోర్టు, ఆయన రెసిడెన్స్ కార్డు ముందూ వెనకా, జీతం కాగితాలు, ఇంటి అద్దె ఒప్పందం, పెళ్ళి సర్టిఫికెట్టు, అన్నీ ఫోటోలుగా అందులో ఉన్నాయి. ఉండక ఏమవుతాయి, పన్నెండేళ్ళుగా ఇంటిల్లిపాదికీ దరఖాస్తులు నింపుతున్నది ఆమే కదా. అసలువి ఆయన నడుముకి ఉంటే, వాటితో చెయ్యాల్సిన చాకిరీ అంతా ఈమె ఫోన్లో ఉంది. పోలీసమ్మాయి నంబర్లు వైర్‌లెస్‌లో చదివింది. అటునించి జవాబు వచ్చేదాకా నలుగురూ రైలు ఊగినట్టల్లా ఊగుతూ నిలబడ్డారు. వచ్చింది. ఈయన ఈయనే, ఈమె ఈయన భార్యే. ఇకనించి కార్డు దగ్గరుంచుకోమని మీసాల పెద్దాయన మందలించి వదిలేశాడు. క్షమించండి అని మాత్రం అనలేదు. అది కూడా ఊర్మిళ గమనించింది.

అందరూ సీట్ల దగ్గరికి వచ్చారు. బీరు పెద్దాయన వాళ్ళని తేరిపార చూశాడు, ఇప్పుడు నిజంగానే ఏదో చేసినవాళ్ళని చూసినట్టు. మీసాల పెద్దాయన మూడు పాస్‌పోర్టులూ కార్డులూ ఒక కట్టగా సర్ది, బల్ల మీద తట్టి, “ఇదుగోండి, హెర్ రావ్,” అని కోటేశ్వరరావుకే అందించాడు. అంత విచారణా చేసి, చివరికి ఆయన చెయ్యి వెళ్ళింది అటే. పోలీసమ్మాయి ఏదో అనబోయింది.

ఈలోపే ఊర్మిళ మధ్యలో చెయ్యి పెట్టి కట్ట అందుకుంది. తన పాస్‌పోర్టు, తన కార్డు విడిగా తీసి భుజాన ఉన్న సంచిలో వేసుకుంది. సహస్రది సహస్ర ముందు పెట్టింది. సహస్ర దాన్ని ప్యాంటు జేబులో పెట్టుకుని, మళ్ళీ ఇయర్‌ఫోన్లు తగిలించుకుంది. మిగిలింది ఆయన చేతికిచ్చింది.

పోలీసులు వెళ్ళేదాకా ఆగి, “ఏంటిది?” అన్నాడు కోటేశ్వరరావు లోగొంతుకతో.

“నాది నా దగ్గరుంటుందండీ. సోమవారం పొద్దున ల్యాబుకి వెళ్తున్నాను.”

“సరే సరే, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం.”

“మాట్లాడుకోవడానికేం లేదు. అడగడం లేదు, చెప్తున్నాను.” ఆమె డబ్బా మూత తీసి, అందరికీ మిగిలిన పులిహోర పళ్ళేల్లో పెట్టబోయి, మానేసి, తనకొక్కదానికీ పెట్టుకుని తినడం మొదలుపెట్టింది. చాలా బాగా కుదిరింది.

కోటేశ్వరరావు సాయం కోసం తల్లి వైపు చూశాడు. శారదాదేవి తీర్పు ఎప్పుడూ ఆయనకే వస్తుంది. ఆవిడ పెరుగన్నం డబ్బా పక్కకి జరిపి, చేతులు తుడుచుకుని, కొడుకు ముందు అరచెయ్యి చాపింది.

“నాది కూడా ఇలా ఇవ్వు, కోటీ.”

“నీకెందుకమ్మా?” అన్నాడాయన తెల్లబోయి. “ఇప్పుడు నువ్వెక్కడికి వెళ్తావు?”

“ఎక్కడికీ వెళ్ళను,” అంది శారదాదేవి, చాపిన చెయ్యి తియ్యకుండా. “అయినా ఇవ్వు.”